కార్డులో మొదటి ఫైలు

గాంధీగ్రాం, విశాఖపట్నం

అమ్మలూ,

నువ్వు ఈ వరస చదువుతున్నావంటే మీట నొక్కి ఫైలు తెరవడం నీకు వచ్చేసినట్టే. ఈ ఉత్తరాన్ని నీకు కొన్న ఈ బ్రెయిలీ యంత్రంలోనే, దీని మీటలతోనే రాశాను. డ్యూటీ నుంచి వచ్చాక రోజుకి కాస్త చొప్పున తొమ్మిది రాత్రులు పట్టింది. నీ చిన్నప్పుడు నీ పక్కన కూర్చుని నేర్చుకున్న బ్రెయిలీ ఆరు చుక్కలు ఇంకా గుర్తున్నాయి తల్లీ. కాకపోతే నేను కళ్లతో చదువుతాను, నువ్వు వేళ్లతో చదువుతావు.

దీని పేరు ఆర్బిట్ రీడర్ 20. ఇరవై గడులు, ఒక్కో గడిలో ఎనిమిది చుక్కలు: అక్షరానికి ఆరు, అడుగున అదనంగా రెండు. మీ బళ్లో బ్రెయిలీ కొట్టడానికి వాడిన పెర్కిన్స్ మెషీన్ గుర్తుందా? దాదాపు ఐదు కిలోలు ఉండేది, బల్ల మీద నుంచి కదిపేవాళ్లే కాదు. ఇది అర కిలో కూడా ఉండదు. మీటల వరస మాత్రం అదే. ఎడమ చేతికి 1, 2, 3 చుక్కలు, కుడి చేతికి 4, 5, 6. పలక మీద పుల్లతో పొడిచేటప్పుడు కుడి నుంచి ఎడమకి, అక్షరాన్ని తిరగేసి రాసేదానివి. ఇందులో ఆ తిప్పలు లేవు. ఎలా చదువుతావో అలాగే రాస్తావు. రాసింది ఆ క్షణమే వేలి కిందికి వస్తుంది.

ఫోన్ ఉంది కదా, ఇంత డబ్బు పోసి ఇది ఎందుకు నాన్నా అన్నావు. సమాధానం అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను.

నువ్వు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా ఒక సాయంత్రం అడిగావు, "నాన్నా, విశేషంలో మొదటిది ఏ శ, రెండోది ఏ ష?" అని. ఏడో తరగతిలో నా తప్పులు దిద్దిన పిల్లవి నువ్వు. పదో తరగతి తర్వాత బ్రెయిలీ పుస్తకాలు దొరకడం కష్టమైతే నేను పాఠాలన్నీ రికార్డింగులు చేసి ఇచ్చాను. సాయం చేస్తున్నాననే అనుకున్నాను. కానీ చెవికి శ, ష, స దగ్గర దగ్గరగానే వినిపిస్తాయి. వేలికి అలా కాదు. శ అంటే 1, 4, 6 చుక్కలు. ష అంటే 1, 2, 3, 4, 6. స అంటే 2, 3, 4. మూడూ మూడు వేరు ఆకారాలు. ఆ రెండేళ్లలో నీ వేళ్లకి ఆ తేడా దూరం కావడానికి కారణం నేనే. ఇప్పుడు తెలుగు ఎం.ఏ.లో చేరావు. పరీక్షలో నువ్వు చెబుతుంటే స్క్రైబ్ రాస్తారు సరే, "ఏ శ అండీ?" అని వాళ్లు అడిగితే చెప్పాల్సింది నువ్వే కదా.

ఇంకొకటి కూడా నా మనసులో ఉంది. హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 అక్టోబర్ 12. నీకు పదేళ్లు. కరెంటు పోయింది, ఫోన్లు ఆగిపోయాయి, మన కిటికీ రెక్క ఎగిరిపోయింది. ఆ చీకట్లో నేను, మీ అమ్మ, నాన్నమ్మ గోడకి ఆనుకుని కూర్చుంటే, నువ్వు ఒళ్లో వాచకం పెట్టుకుని చదివి వినిపించావు. ఆ రాత్రి మన ఇంట్లో చదవగలిగింది నువ్వొక్కదానివే.

దీనికి మాట్లాడడం రాదు. అది లోపమని మొదట నేనూ అనుకున్నాను. తర్వాత నీ హాస్టల్ గది తలుచుకున్నాను. రాత్రి పదింటికి మిగతా పిల్లలు పడుకున్నాక కూడా ఇయర్‌ఫోన్ లేకుండా, లైటు లేకుండా దుప్పటి కిందే చదువుకోవచ్చు. వరస మారినప్పుడు చుక్కలు లేచే చప్పుడు సన్నగా వస్తుంది, అంతే.

ఇక పని సంగతి. ఇరవై గడుల్లో తెలుగు మాటలు మూడో నాలుగో పడతాయి. మొదట్లో చిరాకొస్తుంది. ఒక చేత్తో చదువుతూ రెండో చేతిని పక్కనున్న మీట మీద ఉంచుకో. వరస చివరికి వస్తుండగానే నొక్కడం అలవాటైతే చదువు ఆగదు. తప్పు పడితే ఏడో చుక్క మీట చెరుపుతుంది, ఎనిమిదోది కొత్త వరసకి తీసుకెళుతుంది. గడి అడుగున రెండు చుక్కలు లేచి తగిలితే నువ్వు ఉన్న చోటు అదే.

క్లాసులో మాస్టారు చెప్పిందంతా రాయాలని చూడకు, చెయ్యి అందుకోలేదు. పేర్లు, సంవత్సరాలు, నువ్వు ఎప్పుడూ వినని మాటలు, ఇవి మాత్రం అక్షరం అక్షరం రాసుకో. మిగతాది గుర్తుంటుంది, లేదా ఫోన్‌లో రికార్డు అవుతుంది. ఫైలు పేరు ముందు తేదీ పెట్టు, వెతుక్కోవడం తేలిక.

మొదటి రెండు వారాలు దీన్ని ఫోన్‌కి కలపొద్దు. కలిపితే ఫోన్ చెప్పేదంతా దీని మీద చుక్కలుగా వస్తుంది. అది మంచిదే, కానీ మెసేజ్ వచ్చినప్పుడల్లా నీ వరస చెదిరిపోతుంది. వేలు కుదురుకోనీ. ఆ తర్వాత లాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏతో కలుపుదువుగాని. తెర మీదున్నది చదివి చెప్పే సాఫ్ట్‌వేర్ అది. 2006లో ఆస్ట్రేలియాలో చూపు లేని ఒక కుర్రాడు మొదలుపెడితే, చూపు లేని ఇంకో కుర్రాడు తోడయ్యాడు. ఈ రోజుకీ ఉచితమే. సెట్టింగుల్లో బ్రెయిలీ భాష తెలుగు అని పెట్టావో లేదో చూసుకో.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మీ సిలబస్ ఒకటి కంప్యూటర్ నుంచి ఉన్నదున్నట్టు దీని మెమరీ కార్డులో వేశాను. అర్థం పర్థం లేని చుక్కలొచ్చాయి. మిషన్ పాడైందని ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తెలుగు ఫైలుని ముందు బ్రెయిలీలోకి మార్చి, ఆ మార్చిన ఫైలుని వెయ్యాలట. మర్నాడు అలా వేస్తే చక్కగా వచ్చింది. నీకూ అలా జరిగితే కంగారు పడకు, టెన్షన్‌తో మీటలన్నీ నొక్కకు.

షిప్‌యార్డులో ఇన్నేళ్లు ఫిట్టర్‌గా పనిచేసినవాణ్ని, ఉప్పు గాలి ఇనుముని ఏం చేస్తుందో రోజూ చూస్తాను. మన ఊళ్లో ఏ వస్తువుకైనా అదే శత్రువు. ఈ చుక్కలు సూది మొనంత కన్నాల్లోంచి లేస్తాయి. చెమట చేతులతో, ఊరగాయ చేతులతో ముట్టుకోకు. ఆర్కే బీచ్‌కి వెళితే సంచిలోంచి తియ్యకు, ఒక్క ఇసుక రేణువు చాలు. పొడి గుడ్డతో మాత్రమే తుడువు. బూట్ల డబ్బాలో వచ్చే సిలికా పొట్లం ఒకటి కవర్‌లో వేశాను, అది తీసి పారేయకు. కార్డు తియ్యాలంటే ముందు ఆపి తియ్యి. శనివారం ఇంటికొచ్చినప్పుడల్లా కార్డులో ఉన్నదంతా కంప్యూటర్‌లో ఎక్కించి పెడతాను.

కార్డులో ఇంకో ఫైలు ఉంది, ఖాళీది. దానికి 'అమ్మలు' అని పేరు పెట్టాను. శనివారం వచ్చేలోపు అందులో ఏదో ఒకటి రాయి. హాస్టల్ సాంబారు గురించి రాసినా సరే. ముందు గదిలో కూర్చుని మీ అమ్మకి నేనే చదివి వినిపిస్తాను.

అమ్మ అని రాయాలంటే అ, నాలుగో చుక్క, మ, మ, నాలుగు గడులు. ఒత్తు దగ్గర ముందు పెట్టాల్సిన ఆ నాలుగో చుక్క నేను చాలాచోట్ల మరిచిపోయి ఉంటాను. ఎక్కడెక్కడ మరిచిపోయానో చూసి దిద్దుకుని రా తల్లీ, ఏడో తరగతిలో దిద్దినట్టు.

మీ నాన్న