నాన్నగారి కంప్యూటర్‌కు ఏ యాంటీవైరస్?

మాగ్డెబర్గ్, జర్మనీ
జనవరి 2026

నాన్నగారికి నమస్కారాలు.

యాంటీవైరస్ గురించి మీరు అడిగినదానికి ఫోనులోనే జవాబు చెప్పవచ్చు. కానీ ఇలాంటివి కాగితం మీద ఉంటే మీరు కంప్యూటర్ పక్కన పెట్టుకుని, ఒక్కొక్క వాక్యం చదువుకుంటూ చేసుకుంటారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

బాబాయి అవాస్ట్ వేయించుకోమన్నారు, షాపు అబ్బాయి ఏవీజీ మంచిదన్నాడు, రెండూ వేయిస్తే ఇంకా భద్రం కదా అని మీరన్నారు. దయచేసి రెండింటిలో ఏదీ వేయించకండి. మీ కంప్యూటర్‌లో మంచి యాంటీవైరస్ ఇదివరకే ఉంది. దాని పేరు మైక్రోసాఫ్ట్ డిఫెండర్. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి అది విండోస్‌తో పాటే వస్తోంది. దానికి పైసా కట్టనక్కర్లేదు, ఏడాదికోసారి గడువు పొడిగించుకోనక్కర్లేదు.

మొదట్లో డిఫెండర్‌కు అంత మంచి పేరు ఉండేది కాదు. అప్పట్లో వేరే యాంటీవైరస్ వేసుకోమని చెప్పినవాళ్లది తప్పు కాదు. ఆ పాత మాటే జనం ఇప్పటికీ చెబుతున్నారు, అంతే. నేనుంటున్న ఈ మాగ్డెబర్గ్‌లోనే ఏవీ-టెస్ట్ అనే సంస్థ ఉంది. యాంటీవైరస్‌లను పరీక్షించి మార్కులు వేయడమే వాళ్ల పని. వైరస్‌లను పట్టుకోవడానికి 6 మార్కులు, కంప్యూటర్‌ను నెమ్మదింపజేయకుండా ఉండటానికి 6, మంచి ఫైళ్లను వైరస్ అని పొరబడి కంగారు పెట్టకుండా ఉండటానికి 6, మొత్తం 18. ఉద్యోగమంతా పేపర్లు దిద్దిన మీకు ఈ పద్ధతి తప్పకుండా నచ్చుతుంది. కొన్నేళ్లుగా అక్కడ డిఫెండర్‌కు 18కి 18 గానీ, దానికి చాలా దగ్గరగా గానీ వస్తున్నాయి. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఏవీ-కంపారెటివ్స్ అని మరో సంస్థ ఉంది. వాళ్ల వేగం పరీక్షల్లో డిఫెండర్ చాలాసార్లు వెనకబడుతుంది. ఆ లోపం నిజమే. కానీ వ్యాసాలు రాసుకోవడానికి, పింఛను స్లిప్పు చూసుకోవడానికి ఆ నెమ్మది అడ్డు రాదు.

రెండు యాంటీవైరస్‌లు పెట్టుకుంటే రెట్టింపు రక్షణ రాదు. మీరు ఏ ఫైలు తెరిచినా రెండూ ఒకేసారి దాన్ని పరిశీలించాలని చూస్తాయి, పాత కంప్యూటర్ కదలకుండా కూర్చుంటుంది. పైగా వేరే యాంటీవైరస్ చేరగానే డిఫెండర్ తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది.

ఇంకో సంగతి మీకు తెలియాలి. అవాస్ట్ 1988లో ప్రాగ్ నగరంలో మొదలైన పాత కంపెనీ. ఉచిత యాంటీవైరస్‌తోనే కోట్లమందికి చేరింది. వాళ్లకు జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ఉండేది. యాంటీవైరస్ వేసుకున్నవాళ్లు ఇంటర్నెట్‌లో ఏ పేజీలు చూస్తున్నారో ఆ వివరాలను అది ఇతర కంపెనీలకు అమ్మేది. 2020 జనవరిలో పత్రికలు ఈ సంగతి బయటపెట్టాక జంప్‌షాట్‌ను మూసేశారు. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ వ్యవహారానికి అవాస్ట్ 1.65 కోట్ల డాలర్లు కట్టాలని తేల్చింది. కాపలా కోసం పెట్టుకున్నదే మన వెనకాల మన వివరాలు అమ్ముకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఏవీజీ వేరే కంపెనీ అనుకునేరు, దాన్ని 2016లోనే అవాస్ట్ కొనేసింది. 2022లో అవాస్ట్ వెళ్లి నార్టన్ అనే మరో యాంటీవైరస్ కంపెనీతో కలిసింది. అవిరా అనే యాంటీవైరస్ కూడా ఆ గూటిలోదే. అంటే బాబాయి చెప్పినదీ, షాపు అబ్బాయి చెప్పినదీ ఒకే ఇంటివి.

మీ విషయంలో నాకు అసలు దిగులు యాంటీవైరస్ గురించి కాదు, మీ కంప్యూటర్‌లో ఉన్న విండోస్ 10 గురించి. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. కొత్త వైరస్‌ల సమాచారం డిఫెండర్‌కు 2028 అక్టోబరు దాకా అందుతుందని మైక్రోసాఫ్ట్ చెప్పింది గానీ, గుమ్మం దగ్గర కాపలా ఎంత గట్టిగా ఉన్నా పెరటి గోడకు కన్నం ఉంటే ఏం లాభం? 2017 మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు జరిగింది అదే. దానికి దారిచ్చిన లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్ల ఫైళ్లకు తాళం పడింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి.

విండోస్ 11కు మారుదామంటే, 2018కి ముందు వచ్చిన ప్రాసెసర్లలో చాలావాటిని అది ఒప్పుకోదు. మీ కంప్యూటర్ అంతకన్నా పాతది. కంగారుపడి కొత్తది కొనకండి. 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు పొడిగించి ఇచ్చే పథకం ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్లి, సెట్టింగులను బ్యాకప్ చేయడానికి ఒప్పుకుంటే రుసుము ఉండదు. సెట్టింగులలో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే చేరడానికి లింకు అక్కడే కనిపిస్తుంది. ఈ ఉత్తరంలో మిగతావన్నీ ఆలస్యమైనా ఫరవాలేదు, ఈ పని మాత్రం ముందు చేయండి. అక్టోబరులోగా కొత్త కంప్యూటర్ సంగతి ఆలోచిద్దాం.

తర్వాత స్టార్ట్ మెనూలో విండోస్ సెక్యూరిటీ అని వెతికి తెరవండి. వైరస్ విభాగం దగ్గర పచ్చటి టిక్ ఉండాలి. అదే విభాగంలో ‘ఎక్స్‌క్లూజన్స్’ అని ఉంటుంది. అంటే డిఫెండర్ చూడకుండా వదిలేసే ఫోల్డర్ల జాబితా. అది ఖాళీగా ఉండాలి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, డబ్బు కట్టకుండా ఆఫీసు ప్రోగ్రాములు ఎక్కించేవాళ్లు చాలామంది ముందు డిఫెండర్‌ను ఆపుతారు, లేదా డబ్బు కట్టకుండానే ప్రోగ్రాము నడిచేలా చేసే ‘క్రాక్’ ఫైలును ఆ జాబితాలో చేరుస్తారు. ఆ క్రాక్‌లో ఇంకేం దాగి ఉందో ఎక్కించేవాడికీ తెలియదు. మీ కంప్యూటర్‌లో ఆఫీసు అలాంటిదే అయితే తీసేయించండి. లిబ్రేఆఫీస్ పూర్తిగా ఉచితం, చట్టబద్ధం, యూనికోడ్ తెలుగు అందులో చక్కగా వస్తుంది.

జెరాక్స్ షాపులో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్‌ను తెరిచే ముందు దాని మీద మౌస్ కుడి బటన్ నొక్కి డిఫెండర్‌తో స్కాన్ చేయించండి. ఏదైనా అనుమానం మిగిలితే మాల్‌వేర్‌బైట్స్ ఉచిత వెర్షన్‌తో ఒకసారి వెతికించవచ్చు. అది మనం అడిగినప్పుడే పనిచేస్తుంది కాబట్టి డిఫెండర్‌తో తగవు ఉండదు. దాన్ని కూడా ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచే తీసుకోవాలి. కంప్యూటర్ల భద్రత చూసే మన ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైట్‌లో కూడా వైరస్‌లను శుభ్రం చేసే ఉచిత సాధనాలు ఉన్నాయి.

తెర నిండా ఎర్రగా హెచ్చరిక వచ్చి, ఈ నంబరుకు ఫోను చేయండి అని ఉంటే అది నూటికి నూరుపాళ్లూ మోసం. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోను నంబరు ఎప్పుడూ ఇవ్వదు. పేజీ మూతపడకపోతే కంప్యూటర్ ఆపేయండి. ఎవరైనా ఫోను చేసి ఎనీడెస్క్ (దూరం నుంచి మన కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రాము) వేసుకోండి, మేమే బాగుచేస్తాం అంటే వెంటనే ఫోను పెట్టేయండి. మర్యాదగా మాట్లాడాడు కదా అని మీరు మొహమాటపడతారని నా భయం. ఏ యాంటీవైరస్ అయినా మీరు చేతులారా లోపలికి రానిచ్చినవాణ్ని ఆపలేదు. ఒకవేళ ఖాతాలో డబ్బు పోతే ఆ నిమిషమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపడానికి అంత అవకాశం. అమ్మకు కూడా ఈ నంబరు చెప్పి ఉంచండి.

ఇక మీ వ్యాసాలు, తాతయ్య ఫొటోలు. అవి ఒక్కచోటే ఉన్నాయన్న సంగతి తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని నెలకోసారి అన్నీ కాపీ చేసి, పని కాగానే తీగ పీకి బీరువాలో పెట్టండి. కంప్యూటర్‌కు తగిలించే ఉంచితే, ఫైళ్లకు తాళం వేసే వైరస్ దానికీ వేస్తుంది. డిస్క్‌కు డబ్బు నేను పంపుతాను, వద్దనకండి.

ఆదివారం సాయంత్రం వీడియో కాల్ చేస్తాను. తమ్ముణ్ని ఫోను కంప్యూటర్ తెర వైపు తిప్పి పట్టుకోమనండి, విండోస్ అప్‌డేట్ పేజీ ఇద్దరం కలిసి చూద్దాం. మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డ్ వెతికి పెట్టుకోండి.

అమ్మకు నమస్కారాలు.

మీ
చిన్నమ్మాయి