ఆర్క్‌రైట్ అంటే ఓడలు కట్టేవారు కారు

గౌరవనీయులైన సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో ఇంగ్లిష్ ఇంటిపేర్ల పుట్టుక గురించి వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. స్మిత్, టేలర్, బేకర్ వంటి అందరికీ తెలిసిన పేర్లతో సరిపెట్టకుండా, అరుదుగా వినిపించే ఆర్క్‌రైట్ అనే పేరును కూడా వ్యాసకర్త ప్రస్తావించడం సంతోషం కలిగించింది. అయితే బైబిల్లోని నోవహు ఓడను ఇంగ్లిష్‌లో ఆర్క్ అంటారు గనుక ఈ ఇంటిపేరు గలవారి పూర్వులు ఓడలు నిర్మించి ఉంటారని ఆయన రాసిన మాట సరికాదు. ధాన్యం, పిండి దాచుకునే భోషాణాలు చేసిన వడ్రంగుల పేరది. అచ్చులో వచ్చిన పొరపాటు ఒకరి నుంచి ఒకరికి పాకి నిజంగా చలామణీ అయిపోతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆర్క్ అనే మాటకు మూలం లాటిన్ ఆర్కా. దాని అర్థం పెట్టె. తెలుగు బైబిల్లో నిబంధన మందసం అని చదువుకునే పవిత్రమైన పెట్టెకు కూడా ఇంగ్లిష్‌లో ఇదే మాట వాడతారంటే అసలు అర్థం ఏమిటో తెలుస్తూనే ఉంది. ఉత్తర ఇంగ్లండ్ పల్లెల్లో ఈ మాట బైబిలుతో నిమిత్తం లేకుండా, పెద్ద చెక్కపెట్టెకు వాడుకపేరుగా శతాబ్దాల పాటు నిలిచింది. ఇక రైట్ అంటే పనివాడు, ముఖ్యంగా కొయ్యపనివాడు. చక్రాలు చేసే వీల్‌రైట్, బండ్లు చేసే కార్ట్‌రైట్, వెయిన్‌రైట్ పేర్లు కూడా ఈ తీరులో ఏర్పడ్డవే.

ఆ భోషాణాల తయారీ తీరు తెలిస్తే ఈ పేరు మీద గౌరవం పెరుగుతుంది. ఓక్ దుంగను రంపంతో కోయకుండా, మేకులాంటి చీలలు దిగగొట్టి, నార వెంబడి పలకలుగా చీల్చేవారు. ఆ పలకలను గాడుల్లో బిగించి, ఇనుప మేకులకు బదులు కొయ్య మేకులతో నిలబెట్టేవారు. నేల తేమ తగలకుండా పెట్టెకు కాళ్లుండేవి, మూత ఇంటికప్పులా రెండు వైపులా వాలుగా ఉండేది. ఆ మూతను తిరగేస్తే రొట్టెల పిండి కలిపే తొట్టిగా పనికివచ్చేది. ఏడాది తిండిని చెమ్మ నుంచి, ఎలుకల నుంచి కాపాడిన వస్తువు గనుక, దాన్ని చేసేవాడికి ఊళ్లో ఒక ప్రత్యేకమైన పేరు ఏర్పడటంలో ఆశ్చర్యం లేదు.

ఇది అరుదైన పేరు కావడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. కమ్మరి లేని ఊరు లేదు కాబట్టి స్మిత్‌లు దేశమంతటా పుట్టారు. కేవలం భోషాణాలే చేస్తూ బతికిన వడ్రంగులు కొద్దిమందే, పైగా పెట్టెను ఆర్క్ అనే వాడుక ప్రధానంగా ఉత్తరాదిది. ఇంగ్లండ్‌లో వృత్తిపేర్లు వంశపారంపర్యంగా స్థిరపడిన మధ్యయుగంలో ఆ కొద్దిమంది పేరే ఉత్తరాదిలోని లాంకషైర్‌లో ఇంటిపేరుగా నిలిచింది. అటువంటి పేరు మగసంతానం లేక ఒకటి రెండు కుటుంబాల్లో ఆగిపోయినా దాదాపు కనుమరుగైపోతుంది. ఇన్ని తరాలు దాటి వచ్చిందంటే అదే విశేషం.

ఈ పేరును ప్రపంచానికి తెలియజేసిన రిచర్డ్ ఆర్క్‌రైట్ 1732లో లాంకషైర్‌లోని ప్రెస్టన్‌లో పుట్టారు. తండ్రి దర్జీ. ఆయన స్వయంగా మంగలి పని, విగ్గుల వ్యాపారం చేసి, ఆ తర్వాత నూలు వడికే యంత్రానికి 1769లో పేటెంటు పొంది, 1771లో డెర్బీషైర్‌లోని క్రామ్‌ఫర్డ్‌లో నీటి శక్తితో నడిచే మిల్లు స్థాపించారు. ఆ కుటుంబానికి భోషాణాల పనితో సంబంధం ఏనాడో తెగిపోయిందనడానికి ఈ వివరాలే చాలు. ఇంటిపేరు ఎప్పుడో ఒక పూర్వీకుడు చేసిన పనిని చెబుతుందే తప్ప, ఆ పేరు మోసే ప్రతి ఒక్కరి వృత్తినీ చెప్పదన్న సంగతి వ్యాసంలో రావలసింది. 1786లో ఆయనకు రాజు ఇచ్చే నైట్ బిరుదు లభించింది కాబట్టి ఇది రాజవంశీకుల పేరు అన్నట్టు రాయడం కూడా సమంజసం కాదు. బిరుదు వ్యక్తికి దక్కినది, పేరు అంతకు ఎన్నో తరాల ముందే కష్టజీవులది.

ఇంటిపేరుకు అర్థం చెప్పేముందు దాని నేటి రూపాన్ని చూసి ఊహించకుండా, పాత పన్ను జాబితాల్లో, 1538 నుంచి ఇంగ్లండ్ చర్చిల్లో రాస్తూ వచ్చిన బాప్తిస్మ, వివాహ, ఖనన పుస్తకాల్లో అది ఏ ప్రాంతంలో, ఏ అక్షరక్రమంతో కనిపిస్తుందో పరిశీలించాలి. ఈ శీర్షికను కొనసాగించే ఉద్దేశం మీకుంటే, వచ్చే భాగంలో ఆర్క్‌రైట్ గురించిన సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు