టేక్ అంటే ఒక్క 'తీసుకొను' కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

కావలిలో మా ఇంటి వరండాలోనే సాయంత్రంపూట బడి పిల్లలకు ట్యూషన్ చెప్తుంటాను. పోయిన వారం ఏడో తరగతి పాప ఒక ఇంగ్లిష్ వాక్యాన్ని తెలుగు చేసి చూపించింది: 'మా నాన్న ఒంగోలుకి బస్సు తీసుకున్నాడు.' పక్కనున్న పిల్లోడు 'మీ నాన్న బస్సు కొన్నాడా?' అని నిజంగానే అడిగాడు. వాడి తప్పేం లేదు, బండి తీసుకున్నాం అంటే కొన్నామనే కదా మన దగ్గర. పాప తప్పూ లేదు, తన నోటుబుక్కులో 'టేక్, టుక్, టేకెన్ - తీసుకొను' అని ఒక్క ముక్కే రాయించి ఉన్నారు.

బస్సు ఎక్కుతాం, మాత్ర వేసుకుంటాం, ఫొటో తీస్తాం, స్నానం చేస్తాం, టైము పడుతుంది, ఇన్నిటికీ ఇంగ్లిష్‌లో టేక్ ఒక్కటే సరిపోతుంది. మన 'కొట్టు' మాత్రం తక్కువా? టెంకాయ కొడతాం, హారన్ కొడతాం, పరీక్షలో కాపీ కొడతారు, మురిక్కాలవ కంపు కొడుతుంది. దీనికి ఒకే అర్థం రాయించి బయటివాళ్లకు తెలుగు నేర్పితే ఎట్లా ఉంటుందో ఆలోచించండి. అసలు టేక్ కూడా ఇంగ్లిష్‌లో పుట్టింది కాదు, సుమారు వెయ్యేళ్ల కిందట స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల 'తాకా' అది, అంతకుముందు ఆ పనికి 'నిమాన్' అనే మాట ఉండేది.

మా అక్క కొడుకు బల్గేరియాలో మెడిసిన్ చదువుతున్నాడు. హాస్టల్లో పక్కగది బల్గేరియా కుర్రాడు 'ఐ టుక్ ది ఎగ్జామ్' అన్నాడట, మావాడు పరీక్ష రాశాననే అర్థంలో 'నేనూ' అన్నాడు, అంతే, ఆ కుర్రాడు వాటేసుకుని కంగ్రాట్స్ చెప్పేశాడు. రిజల్ట్ వచ్చేసిందేమో, మనకు తెలీలేదేమో అని మావాడు రాత్రంతా టెన్షన్‌తో నిద్రపోకుండా కూర్చుని, తెల్లారాక నాకు ఫోన్ చేసి 'పిన్నీ, ఇక్కడ పరీక్ష తీసుకోవడం అంటే పాసవడం అంట' అన్నాడు. వాళ్ల భాషలో తీసుకోవడానికి 'వ్జేమమ్' అనే మాట ఉంది, పరీక్షకు దాన్ని వాడితే గట్టెక్కామని అర్థం. మాత్రనైతే వాళ్లు తాగుతామంటారు. అంటే మన పిల్లలూ వాళ్లూ ఒకే మాట దగ్గర తడబడుతున్నారు, కాకపోతే ఎవరి తడబాటు వాళ్ల అమ్మభాష నుంచి వస్తోంది. అందుకే ఎక్కడో ఎవరికోసమో రాసిన గ్రామర్ పుస్తకం మన పిల్లలకు చాలదు, తెలుగు పక్కన పెట్టి చెప్పాల్సిందే.

ఇంకో మాట, ఏమనుకోకండి. మీ పేజీల్లో రోజూ 'ప్రమాదం చోటుచేసుకుంది' అని వస్తుంది. అది 'టేక్ ప్లేస్'కి మక్కికి మక్కి తెలుగు. 'ప్రమాదం జరిగింది' అంటే మా వీధిలో అందరికీ అర్థమవుతుంది.

విద్యార్థుల పేజీలో వారానికి పాతిక కొత్త మాటలు ఇచ్చే బదులు ఒక్క క్రియ తీసుకుని, అది వచ్చే పది ఇంగ్లిష్ వాక్యాలు వేసి, ఎదురుగా మనం ఇళ్లల్లో మాట్లాడే తెలుగు వాక్యం వేయండి. మొదటి వారం టేక్‌తోనే మొదలుపెట్టండి, కత్తిరించి మా వరండా గోడకు అంటిస్తాను.

- ఒక ట్యూషన్ టీచరు, కావలి, నెల్లూరు జిల్లా