ఈ వారం బొమ్మ: ఫెయిత్ రింగోల్డ్ కుట్టిన బొంత

మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం మన చర్చకు అమెరికా నల్లజాతి చిత్రకారిణి ఫెయిత్ రింగోల్డ్ 1988లో చేసిన ‘టార్ బీచ్’ అనే బొంత తీసుకుందాం. న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ఉంది. వాళ్ల వెబ్‌సైట్‌లో చూడవచ్చు.

దయచేసి ఫోనులో పైపైన చూసి వదిలేయకండి, పెద్దది చేసి చూడండి. నడుమ కాన్వాస్ మీద రంగులు, చుట్టూ పూల గుడ్డముక్కల అంచు. వేసవి రాత్రి, న్యూయార్క్‌లో నల్లజాతివారి పేట హార్లెంలో ఒక మేడ మీద పెద్దవాళ్లు పేకాడుతున్నారు. పక్కనే పరుపు మీద కాసీ అనే చిన్నపిల్ల, ఆమె తమ్ముడు. అదే కాసీ పైన జార్జి వాషింగ్టన్ వంతెన మీదుగా ఎగురుతూ కనిపిస్తుంది. ఆ వంతెన కట్టడంలో పనిచేసిన కాసీ తండ్రిని నల్లజాతివాడని కార్మిక సంఘంలో చేర్చుకోలేదు. ఈ సంగతి బొంత మీదే కాసీ మాటల్లో రాసి ఉంది. కోపం ఉంది, కానీ అరుపు లేదు. నాకు నచ్చింది అదే.

రింగోల్డ్ 1930లో హార్లెంలోనే పుట్టారు, 2024లో కన్నుమూశారు. తల్లి విల్లీ పోసీ దుస్తుల డిజైనర్. తొలి బొంతను తల్లీకూతుళ్లు 1980లో కలిసి చేశారు. తన జీవితకథ అచ్చువేసేవారు దొరక్క, రింగోల్డ్ బొంతల మీదే కథలు రాయడం మొదలుపెట్టారు. మొండి మనిషి!

ఇంట్లో పాత బొంతలున్నవారు వాటి ఫోటోలు కూడా పెట్టండి, ఎవరు కుట్టారో రాయండి. శుభోదయం బొమ్మలు మాత్రం వద్దు.