మూడు నెలల టార్పాలిన్: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఇది మీకు నేను రాస్తున్న ఆరో ఉత్తరం. మొదటి ఐదూ ఫ్రెంచిలోనే రాశాను. పక్కింటి రిటైర్డ్ పంతులమ్మ గారి చేత తప్పులు దిద్దించుకుని, రిజిస్టర్ పోస్టులో, అందినట్టు రసీదు తిరిగొచ్చేలా డబ్బు కట్టి మరీ పంపాను. ఐదు రసీదులూ వచ్చాయి. జవాబు మాత్రం నాలుగోదానికి ఒక్కదానికే వచ్చింది, రెండే రెండు లైన్లు. మీ లేఖను సంబంధిత విభాగానికి పంపాము అని. ఆ సంబంధిత విభాగం ఏదో, అది ఏ భవనంలో ఎన్నో అంతస్తులో ఉందో ఇంతవరకు తెలియలేదు. అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను. ఫ్రెంచిలో రాస్తే కదలనిది తెలుగులో రాస్తే పోయేదేముంది? కనీసం మావాళ్లు నలుగురూ చదువుతారు.

ఊరి పేరు రాయడం లేదు. రాస్తే మా మేయరు గారికి ఇబ్బంది. ఫ్రాన్సులో బెరీ ప్రాంతం, ఏండ్ర్ జిల్లా, రెండొందల గడప దాటని పల్లె, మధ్యలో పన్నెండో శతాబ్దపు చిన్న చర్చి. అంతవరకు చాలు. మిగతాది మీ ఫైలులో ఉంది. అసలు మీ దగ్గర ఉన్నదే ఫైలు కదా, చర్చి మా దగ్గర ఉంది.

నేను అడుగుతున్నది ఆ చర్చి కప్పు మీద వేసిన టార్పాలిన్ గురించి.

నాలుగు చలికాలాల కిందట గాలివానకి బలిపీఠం మీది కప్పు దెబ్బతింది. పెంకులు పోతే పెద్ద సంగతి కాదు, ఊళ్లోవాళ్లే ఎక్కి సర్దేవాళ్లు. లోపల దూలం పుచ్చింది. రక్షిత కట్టడం కాబట్టి నాలుగు పెంకులు మార్చుకోవచ్చు గానీ దూలం మీద చెయ్యి వెయ్యాలంటే అనుమతి కావాలి. అనుమతికి అంచనా కావాలి, అంచనాకి నిపుణుడు రావాలి. నిపుణుడు వచ్చాడు, చూశాడు, ఫొటోలు తీసుకున్నాడు, మధ్యాహ్నం మేయరు గారింట్లో భోంచేశాడు. వారం తర్వాత ఇద్దరు మనుషులు వచ్చి నీలం టార్పాలిన్ కప్పి తాళ్లు బిగించారు. 'మూడు నెలలే' అన్నారు. ఆ మాట నేను నా చెవులతో విన్నాను, ఎందుకంటే ఆ రోజు వాళ్లకి టీ పెట్టింది నేనే.

మంత్రి గారూ, టార్పాలిన్ ఎంతకాలం బతుకుతుందో మీకు తెలుసో లేదో. మొదటి ఏడు దాటేసరికి నీలం రంగు పాలిపోయి, కడిగిన బియ్యం నీళ్ల రంగుకి వచ్చింది. రెండో ఏడు అంచు చిరిగింది. రాత్రి గాలి లేస్తే ఆ చిరుగు కొట్టుకునే చప్పుడు, ఎవరో పైన బట్టలు ఉతుకుతున్నట్టు ఊరంతా వినబడుతుంది. మా చిన్నది దానికి 'చాకలి దెయ్యం' అని పేరు పెట్టింది. ఇప్పుడు బడిలో ఫ్రెంచి పిల్లలు కూడా అదే పేరుతో పిలుస్తున్నారు. మూడో ఏడు మేయరు గారు సొంత డబ్బు పెట్టి, పశువుల దాణా అమ్మే దుకాణంలో కొత్త టార్పాలిన్ కొన్నారు. అది పచ్చరంగు. దాన్ని పాతదాని మీదే కప్పారు. పాతది తీస్తే లోపల ఏం జరిగిందో చూడాల్సి వస్తుందని భయం. మధ్యలో గుంట పడి నీళ్లు నిలిచాయి, ఆ నీళ్లు తాగడానికి పావురాలు వస్తున్నాయి. మూడు నెలల కోసం వచ్చిన టార్పాలిన్‌కి కొత్త తరం పుట్టుకొచ్చింది గానీ దూలం రాలేదు.

లోపలి సంగతి. చర్చి తాళంచెవి మా వీధి చివర ఉండే ఎనభై దాటిన ఒక పెద్దావిడ దగ్గర ఉంటుంది. జానెడు పొడుగు ఇనప తాళంచెవి. వాన పట్టిందంటే ఆవిడ కర్ర పట్టుకుని బయల్దేరుతుంది, వెనకాల నేను. బలిపీఠం చుట్టూ ఏడు పాత్రలు పెట్టి ఉంచాం: రెండు ప్లాస్టిక్ బకెట్లు, జామ్ కాచే రాగి గిన్నె, మా చిన్నదాన్ని స్నానం చేయించిన టబ్బు, ఇంకా ఏవో. ఏ పాత్రలో ఏ శబ్దం వస్తుందో ఆవిడకి తెలుసు. రాగి గిన్నె శబ్దం బరువెక్కిందంటే వాన పెరిగినట్టు. ఆవిడ ప్రార్థన చేస్తుంది, నేను నీళ్లు పారబోస్తాను. నేను క్రైస్తవురాలిని కాను, ఆ సంగతి ఆవిడ ఏనాడూ అడగలేదు.

నీళ్లకంటే చవుడు పెద్ద బాధ. బలిపీఠం వెనక సగం గుమ్మటంలా వంగిన గోడ మీద పాత బొమ్మలున్నాయి. వందల ఏళ్లు సున్నం కింద దాగి, ఒక మూల సున్నం ఊడినప్పుడు బయటపడ్డవి. తడి గచ్చు మీద రంగు వేస్తే ఆరేకొద్దీ సున్నం ఆ రంగుని తనలో పట్టేసుకుంటుంది, అందుకే అవి ఇంతకాలం ఆగాయి. కానీ వెనకటి తరంలో ఎవరో బయటి గోడ రాళ్ల సందులన్నీ సిమెంటుతో పూడ్చేశారు. సున్నం తడి పీల్చి బయటికి వదులుతుంది, సిమెంటు వదలదు. పైనుంచి దిగిన నీళ్లకి బయటికి దారి లేక లోపలికి వస్తాయి, వస్తూ వస్తూ రాతిలోని ఉప్పుని మోసుకొస్తాయి. ఆరాక ఆ ఉప్పు గడ్డకట్టి రంగుని వెనకనుంచి నెట్టేస్తుంది. ఇది చెప్పడానికి నిపుణుడు అక్కర్లేదు, గచ్చుపని తెలిసిన మా ఊరి తాపీమేస్త్రి ఎవరైనా చెబుతాడు.

రాలిన పెచ్చుల్ని పెద్దావిడ ఏరి నా చేతిలో పెడుతుంది. గోరంత ఉంటాయి. ఒక పక్క సున్నం తెలుపు, ఇంకో పక్క కాషాయానికి దగ్గర ఎరుపు, దాని మీద ఒక నల్లటి గీత. ఆ గీత ఏ దేవదూత బట్ట మడతో, ఏ సాధువు వేలో తెలియదు. మా ఇంట్లో పోపుల డబ్బాలో మెంతుల గిన్నె ఖాళీ చేసి వాటిని అందులో దాస్తున్నాను. ఇప్పుడది నిండింది. తర్వాత జీలకర్ర గిన్నె ఖాళీ చెయ్యాలి. మంత్రి గారూ, మీ దేశపు పన్నెండో శతాబ్దం నా పోపుల డబ్బాలో ఉంది. కావాలంటే వచ్చి తీసుకెళ్లండి.

మీకు వీక్ ఊరి సంగతి నేను చెప్పాలా? మా దగ్గరిదే, రచయిత్రి జార్జ్ సాండ్ ఉన్న నోఆన్ పక్కన. 1849లో అక్కడి పాదిరి పెరిగో గారు సెయింట్ మార్టిన్ చర్చిలో సున్నం గీకుతుంటే పన్నెండో శతాబ్దపు బొమ్మలు బయటపడ్డాయి. సంగతి జార్జ్ సాండ్ చెవిన పడింది, ఆవిడ ద్వారా చారిత్రక కట్టడాల ఇన్‌స్పెక్టర్ జనరల్ ప్రొస్పేర్ మెరిమే దాకా వెళ్లింది. వాళ్లిద్దరికీ 1833లో ఏదో కలిసి, వెంటనే చెడింది, ఊరంతా చెప్పుకున్నారు. అయినా పని దగ్గర ఆ చేదు అడ్డు రాలేదు. చర్చి రక్షిత కట్టడాల జాబితాలోకి ఎక్కింది, బొమ్మలు నేటికీ ఉన్నాయి. అప్పట్లో ఈమెయిల్ లేదు, టెలిఫోన్ లేదు, ఉత్తరాలే. ఒక పాదిరి, ఒక రచయిత్రి, ఒక అధికారి, అంతే. ఇప్పుడు మా ఫైలు ఎన్ని బల్లలు దాటిందో మీకే తెలియాలి.

వీక్ వెళ్లినప్పుడల్లా నేను ఒక బొమ్మ ముందు ఆగిపోతాను. 397లో తూర్ నగరపు బిషప్ సెయింట్ మార్టిన్ చనిపోయాడు. ఆయన దేహం మాదంటే మాదని పువాతియే ఊరివాళ్లూ తూర్ ఊరివాళ్లూ కాపలా కూర్చున్నారు. రాత్రి పువాతియే వాళ్లు నిద్రపోతే, తూర్ వాళ్లు దేహాన్ని కిటికీలోంచి దాటించేశారు. గోడ మీద ఆ నిద్ర మొహాలు ఎంత బాగా వేశాడో ఆ చిత్రకారుడు! ఎవరి మొహాలు గుర్తొస్తాయో మర్యాదకి రాయడం లేదు.

ఇక మీ చట్టం. 2013లో మీ పార్లమెంటు ఒక చట్టం చేసింది: ప్రభుత్వానికి అర్జీ పెట్టాక రెండు నెలలు జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. చదివి ఎంత సంతోషపడ్డానో. మౌనం అర్ధాంగీకారం అని మేం తరతరాలుగా అంటున్నాం, మీరు ఏకంగా పూర్ణాంగీకారం చేశారు. నాలుగు ఉత్తరాల మౌనం, అంటే నాలుగుసార్లు ఒప్పుకున్నారు! పంతులమ్మ గారికి చూపిస్తే ఆవిడ కళ్లజోడు సర్దుకుని కింద చదివింది: డబ్బుకి సంబంధించిన అర్జీలకు ఇది వర్తించదు. దూలానికి డబ్బు కాక మరేం కావాలండీ, ఆశీర్వాదమా?

డబ్బు లేదనకండి. పారిస్‌లోని నోత్రదామ్ చర్చి 2019 ఏప్రిల్ 15న కాలింది, 84 కోట్ల యూరోలకు పైగా విరాళాలు వచ్చాయి, అందులో నా ఇరవై యూరోలూ ఉన్నాయి. 2024 డిసెంబరుకల్లా తలుపులు తెరిచారు. చాలా బాగుంది, టీవీలో చూసి కళ్లు తుడుచుకున్నాను. పల్లెల చర్చిల కోసం 2023 సెప్టెంబరులో మీ అధ్యక్షులవారు సెముర్ ఊళ్లో నిలబడి నాలుగేళ్లలో 20 కోట్ల యూరోల విరాళాలు రాబడతామన్నారు, ఇచ్చినవాళ్లకి పన్నులో 75 శాతం మినహాయింపు అన్నారు. అదీ బాగుంది. ఆ పథకం కాగితాలు మా మేయరు గారు మూడుసార్లు నింపారు. ఒకసారి సంతకం తప్పు, ఒకసారి ఫొటోలు పాతవి, ఒకసారి గడువు దాటింది. ఫొటోలు పాతవి అన్నదానికి నాకు నవ్వొచ్చింది. మా కప్పు రోజురోజుకీ మారుతుంటే కొత్త ఫొటో ఎక్కడ దొరుకుతుంది? అసలు మతాన్నీ ప్రభుత్వాన్నీ విడదీసిన 1905 చట్టంతో పల్లెల్లోని పాత చర్చిల్ని పంచాయతీల నెత్తిన పెట్టింది మీరే. నెత్తిన పెట్టినవాళ్లు కాస్త చెయ్యి కూడా వేస్తారనుకోవడం మా అమాయకత్వం.

నాది ఆలంపురం వైపు. కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గర కూడవెల్లిలో చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయం ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని దాన్ని రాయి రాయి విప్పి, తెచ్చి, ఆలంపురంలో మళ్లీ నిలబెట్టారు. చిన్నప్పుడు మా నాన్న చెయ్యి పట్టుకుని చూపించేవాడు. మా ప్రభుత్వాలు మహా గొప్పవని చెప్పడం లేదు, మునిగిన ఊళ్ల వాళ్లని అడిగితే వేరే కథ చెబుతారు. కానీ గుడినే ఎత్తుకొచ్చిన మనుషుల్ని చూసి పెరిగినదాన్ని, ఒక దూలం ఎత్తడానికి నాలుగేళ్లంటే నా బుర్రకి ఎక్కడం లేదు.

ఏం చెయ్యమంటారు మమ్మల్ని? దూలం వెయ్యండి. వెయ్యలేకపోతే మమ్మల్ని వేసుకోనివ్వండి, అడవి పక్కనే ఓక్ చెట్లున్నాయి, వడ్రంగులున్నారు. అదీ కుదరకపోతే ఆ నిపుణుణ్ణి ఒక వానరోజు పంపండి, ఎండరోజు కాదు. ఈసారి భోజనం నేను పెడతాను. ఏదీ కాకపోతే, అయ్యా, ఒక జవాబు రాయండి. పెద్దావిడ ప్రతి సోమవారం పోస్టువాణ్ణి అడుగుతోంది. ఆవిడ పెళ్లి ఆ చర్చిలోనే అయింది. తన శవపేటిక మీద నీళ్లు కారకూడదన్నది ఒక్కటే ఆవిడ కోరిక. ఆ మాట నాతో నవ్వుతూనే అంది, నేనే నవ్వలేకపోయాను.

ఇట్లు,
చర్చి వీధిలోని తెలుగావిడ

తా.క.: గురువారం నుంచి నాలుగు రోజులు వాన అని చెబుతున్నారు. పాత్రలు ఏడు సరిపోవని మా ఇడ్లీ కుక్కరు కూడా తీసుకెళ్తున్నాను.