వానాకాలంలో మొరాయించే పాత బైకులు

సంపాదకులకు,

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 (వాహనాల పొగపై కాలుష్య ప్రమాణాలు) వచ్చాక కొత్త బైకులు చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. కానీ పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బురేటర్ ఉన్న పాత బండ్లు ఇంకా ఊరూరా తిరుగుతున్నాయి. వాటిలోనూ 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే పోయించుకోవాల్సి వస్తోంది. ఇథనాల్ తేమను పీలుస్తుంది. నీరు మోతాదు మించితే ఆ రెండూ పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. అక్కడి నుంచి కార్బురేటర్‌లోకి వస్తే బండి మొరాయిస్తుంది.

కార్బురేటర్ కడిగించిన వారానికే బండి మళ్లీ ఆగుతోందంటే ముందు ట్యాంకునే అనుమానించాలి. ఇంజిన్ చల్లారాక పెట్రోల్ కాక్ కట్టేసి, ఫ్లోట్ బౌల్ (కార్బురేటర్‌లో పెట్రోల్ నిలిచే గిన్నె) కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, వచ్చింది గాజు సీసాలో పట్టండి. కాసేపటికి అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించాల్సిందే. లోపల తుప్పు ఉంటే కార్బురేటర్ ఎన్నిసార్లు విప్పినా డబ్బు దండగ.

చోక్ లాగితేనే నడిచి, స్లోలో ఆగిపోతుంటే పైలట్ జెట్ (స్లోలో పెట్రోల్ అందించే సన్న రంధ్రం) మూసుకుపోయి ఉండవచ్చు. దాన్ని సూదితో పొడిపించొద్దు, రంధ్రం పెద్దదై మైలేజీ పడిపోతుంది. క్లీనర్ స్ప్రే, గాలి చాలు. ఓవర్‌ఫ్లో పైపు కారుతుంటే బౌల్ నిండగానే పెట్రోల్‌ను ఆపే ఫ్లోట్ నీడిల్ చూడాలి. కొంతదూరం వెళ్లి ఆగి, ట్యాంకు మూత తీయగానే మళ్లీ స్టార్టయితే మూతలోని గాలి రంధ్రం పూడినట్టే.

వానాకాలంలో బంకులు భూగర్భ ట్యాంకుల్లో నీటిని రోజూ పరీక్షించి, ఫలితాన్ని బోర్డుపై రాయాలి. పౌర సరఫరాల అధికారులు దీన్ని తప్పనిసరి చేయాలి.

– ఒక బైక్ మెకానిక్, ఖమ్మం