జరిమానా కట్టేస్తే కేసు పోయినట్టు కాదు

కావలి

చిన్నోడా,

కానిస్టేబుల్ ఉద్యోగానికి నీ వివరాలు, పాత కేసులు రాసిచ్చే అటెస్టేషన్ ఫారం నింపకముందే ఆ పేకాట కేసు సంగతి తేల్చుకోవాల. కోర్టులో ఒప్పుకొని జరిమానా కట్టేసి అయిపోయిందనుకున్నావు. కోర్టు లెక్కలో అది నేరం రుజువై శిక్ష పడినట్టే. ఇన్నేళ్లకు దానంతటదే చెరిగిపోతుందనే చట్టం మన దగ్గర పెద్దవాళ్లకు లేదు. పద్దెనిమిది నిండని పిల్లలకైతే 2015 బాలన్యాయ చట్టం 24వ సెక్షన్ ఉంది. నీకు అప్పటికే పంతొమ్మిది.

ముందు కోర్టు కేసుల వెబ్‌సైటు ఈకోర్ట్స్‌లో స్టేషన్ పేరు, ఎఫ్ఐఆర్ మీదుండే క్రైం నంబరు కొట్టి కేసు నంబరు పట్టుకో. దాంతో కేసు కాగితాల నకళ్ల కోసం కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టు. అందరూ తీర్పు ఒక్కటే తెచ్చుకుంటారు. నువ్వు ఒప్పుకున్నట్టు రాసిన కాగితం కూడా అడుగు, అసలు బలం దాన్లోనే ఉండేది. నువ్వన్నది వీలైనంతవరకు నీ మాటల్లోనే మేజిస్ట్రేటు రాయాల. ముందే అచ్చేసిన "నేరం అంగీకరించాడు" కింద నీ సంతకం ఒక్కటే ఉంటే వకీలుకు అదే పట్టు.

నేరం ఒప్పుకున్న కేసులో శిక్ష ఎక్కువైందనో, చెల్లదనో తప్ప అప్పీలు కుదరదు. అందుకని కింది కోర్టు తీర్పు సరిగ్గా ఉందో లేదో చూడమని నెల్లూరు సెషన్స్ కోర్టులో రివిజన్ పిటిషన్ వేయించు. గడువు 90 రోజులు, కాపీకి పట్టిన రోజులు తీసేసి. నీకు ఎప్పుడో దాటింది కాబట్టి ఆలస్యం మన్నించమని వేరే పిటిషన్ కూడా కావాల. అందులో కారణాలు తేదీలతో రాయించు, ఉత్త "తెలియదు" అంటే నిలబడదు.

నువ్వు దోషివన్న తీర్పే రద్దు చేయమని అడుగు. అది కాకుంటే 1958 ప్రొబేషన్ చట్టం 3వ సెక్షన్ కింద మందలించి వదలమని అడుగు. 11వ సెక్షన్ ప్రకారం రివిజన్ కోర్టు కూడా ఆ ఆర్డరు ఇవ్వొచ్చు. అప్పుడు 12వ సెక్షన్ వల్ల ఆ తీర్పుతో వచ్చే అనర్హత పోతుంది. దోషివన్న తీర్పు మాత్రం పోదు, అది గుర్తు పెట్టుకో.

స్టేషన్లో పేరు కొట్టేయిస్తానని డబ్బులడిగేవాళ్లు తగులుతారు. కోర్టు రికార్డు స్టేషన్ రైటర్ చేతిలో ఉండదు, పైసా ఇవ్వబాక.

ఫారంలో అరెస్టు, కేసు, జరిమానా అన్నీ అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు రాయి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేమంటే, చిన్న కేసు దాచినా మన్నించాలా వద్దా అనేది ఉద్యోగమిచ్చేవాళ్ల ఇష్టం. చెప్పినవాణ్ణి కూడా ఆ కేసు చూసి వద్దనే అధికారం వాళ్లకుంది. అయినా దాచి దొరికితే కేసు కంటే అబద్ధమే పెద్దదవుతుంది.

జరిమానా రసీదు బీరువాలో, నీ పదో తరగతి మార్కుల లిస్టు కవర్లోనే ఉంది. వచ్చినప్పుడు తీసుకుపో.

మీ నాయన